ఆట లేని శనివారం

సోమవారం దాకా ఆగలేకపోయారా బాబూ మీవాళ్ళు? శనివారం పూట, అందులోనూ ఈ శనివారం పూట, నా మీదికి మనిషిని తోలాలా?

కోపం నీ మీద కాదులే. పంపినవాళ్ళ మీద. నిన్ను చూస్తే నాకు జాలే వేస్తోంది. ఆ పల్చటి బూట్లేంటి, ఆ కోటేంటి? దక్షిణాన మీ షార్లట్‌లో నవంబరు వేరు, ఇక్కడ నవంబరు వేరు. ఆ కొండల మీంచి దిగే గాలి ఎముకల్ని కొరికేస్తుంది. ఇదిగో, ఈ దుప్పటి కాళ్ళ మీద కప్పుకో. కప్పుకోవయ్యా, సిగ్గెందుకు. ఇక్కడెవరూ నిన్ను చూడ్డానికి రాలేదు.

గ్రేడన్ కదూ నీ పేరు? ఆఁ. నిన్న ఫోన్లో చెప్పావు. కాలేజీల ఆటల కూటమి ఆఫీసు నుంచి వస్తున్నాను, అయిదు నిమిషాలు చాలు మిసెస్ స్కోగెన్ అన్నావు. అయిదు నిమిషాల్లో తేలిపోయే సంగతైతే మా కాలేజీ పాలకమండలి వేసవి నుంచీ ఎందుకు కొట్టుకు చస్తుంది? మీ కూటమిలో చేరదామని సగం మంది. వద్దని సగం మంది. మధ్యలో నేను. గోధుమ తెగుళ్ళ మీద పాఠాలు చెప్పుకుని రిటైరైనదాన్ని, ఫుట్‌బాల్ తీర్పొచ్చి నా నెత్తిన పడింది.

చెబుతాను. నా ఓటెటో చెప్పే పంపిస్తాను నిన్ను. కానీ ముందు కాసేపు ఊరుకుని అటు చూడు.

ఏం కనిపిస్తోంది?

అవును, మైదానం ఖాళీ. గీతలు కూడా గియ్యలేదు. స్కోరు బోర్డు నల్లగా ఉంది. మరి ఈ జనమంతా ఎందుకు కూర్చున్నారు, అదేగా నీ సందేహం.

ఇటువైపున్నవాళ్ళు మావాళ్ళు, టామరాక్ కాలేజీ మనుషులు. గోధుమ రైతులూ, పప్పుల మిల్లువాళ్ళూ, పాత ఆటగాళ్ళూ. అటు నీడలో కూర్చున్నవాళ్ళు సిల్వర్ బెండ్ వాళ్ళు. ఏటి వంతెన దాటి, నలభై మైళ్ళు కార్లు తోలుకుని వచ్చారు. అతిథులు ఎప్పుడూ ఎండ పడని వైపే. అది మా తాతల నాటి పెంకితనం, ఎవరూ మార్చలేదు.

మా జట్టు పేరు కంచరగాడిదలు. నవ్వకు. ట్రాక్టర్లు రాకముందు ఈ వాలుల మీద కోత యంత్రాలు లాగినవి అవే. వాళ్ళవి నీలికొంగలు. కొంగ కాలితో గాడిదని తన్నగలరా అని మావాళ్ళూ, గాడిద ఏరు దాటగలదేమో గాని గాల్లోకి లేవగలదా అని వాళ్ళూ. నేను పుట్టకముందు నుంచీ అవే ఎకసెక్కాలు. పాతబడ్డాయని పారేసుకుంటామా, చొక్కాలా అవి?

ఏటా నవంబరులో మూడో శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటకి ఈ రెండు జట్లకీ ఆట. యుద్ధాల్లో తప్ప ఎప్పుడూ ఆగలేదు. ఇప్పుడాగింది. ఇది మూడో ఏడు. మీ కూటమి వాళ్ళు సిల్వర్ బెండ్‌ని ఎత్తుకుపోయారు.

ఎత్తుకుపోలేదా? సరే, వాళ్ళే గోడ దూకారు. మాట మార్చాను, చాలా?

ఆగు. చూశావా ఇప్పుడు?

అందరి తలలూ ఒక్కసారే కొండ వైపుకి తిరిగాయి. ఇటువాళ్ళవీ, అటువాళ్ళవీ. ఎవరూ సైగ చెయ్యలేదు, ఎవరూ ఈల వెయ్యలేదు. ఇదుగో, మెల్లగా వెనక్కి తిరుగుతున్నాయి. ఎవడో బంతి పట్టుకుని అటు పరిగెత్తినట్టూ, మధ్యలో పడేసినట్టూ.

ఏం చూస్తున్నారని నన్నడక్కు. నాకు కనపడేది ఎండిన గడ్డి. నలభై ఏళ్ళు సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి బతికినదాన్ని. కంటికి ఆననివి బోలెడున్నాయని నాకు తెలుసు, కానీ అద్దం కిందికి తెస్తే ఆనాలి. ఇది ఏ అద్దం కిందికీ రాదు.

మొదట్నించీ చెప్తాను, లేకపోతే నీకు అంతుపట్టదు.

మా ఆయన వర్జిల్ ఈ జట్టుకి కోచ్. పోయిన ఏప్రిల్లో పోయాడు. ఆయన పేరు నువ్వు విని ఉండవు. విన్నావా? మీ ఆఫీసులోనా? ఏమని? సరే, మర్యాదకంటున్నావు, అననీ.

ఒక ఏడు ఆయన జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు. అప్పట్లో మా పాత కూటమిలో పది కాలేజీలు. అన్నీ పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి చేరే దూరం. అందర్నీ గెలిచారు. సిల్వర్ బెండ్‌ని మోకాలి లోతు మంచులో గెలిచారు. ఆ రోజుల్లో ప్లేఆఫ్ లేదు కదా. పత్రికలవాళ్ళూ, కోచ్‌లూ ఓట్లేస్తే, పైకొచ్చిన ఇద్దరికీ ఆఖరి ఆట పెట్టేవాళ్ళు. మేమా, దేశానికి ఓ మూల. తూర్పున గడియారం మాకంటే మూడు గంటలు ముందు, మా రాత్రి ఆటలు మొదలయ్యేసరికి వాళ్ళకి ఆవలింతలు. చూడని ఆటకి ఓటెవడు వేస్తాడు?

ఆ ఆదివారం జట్టంతా అదిగో, ఆ ఎర్ర ఇటుకల గదిలో టీవీ ముందు కూర్చుంది. తలస్నానాలు చేసి, తలలు దువ్వుకుని, టైలు కట్టుకుని వచ్చారు. రైతుల పిల్లలు బాబూ. కొందరికి టై ముడి నేనే వేశాను. దాల్చినచెక్క రొట్టెలు కాల్చి తీసుకుపోయాను.

రెండు పేర్లు చదివారు. మాది లేదు. ఆ రెంటిలో ఒకటి అప్పటికే ఒక ఆట ఓడిన జట్టు.

బంతి విసిరేవాడు డెల్బర్ట్ అని ఉండేవాడు, మెత్తటి పిల్లాడు. వాడు లేచి అడిగాడు, "కోచ్, మనం ఎవరి చేతిలో ఓడిపోయాం?"

మా ఆయన టీవీ కట్టేశాడు. "పదండ్రా, రొట్టెలు చల్లారిపోతున్నాయి," అన్నాడు.

ఇంకేం చెప్తాడు? ఎవరి చేతిలో అని చెప్తాడు?

ఆ ప్రశ్న మాతోపాటే ఇంటికొచ్చింది. వచ్చి వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. మా ఆయన భోంచేశాక ఉప్పు డబ్బీ, మిరియాల డబ్బీ, చెంచాలు అన్నీ బల్ల మీద పేర్చేవాడు. పెట్టని ఆ ఆట ఆడుతూ, ఆర్డీ అని నన్ను పిలిచి చూపించేవాడు. "వాళ్ళ కుడివైపు వాడు బరువు ఆర్డీ. సగం ఆటయ్యేసరికి రొప్పుతాడు. డెల్బర్ట్‌ని అటే పంపేవాణ్ణి." ఒకనాడా, రెన్నాళ్ళా? ఆ పిల్లలకి పెళ్ళిళ్ళయ్యాయి, పొట్టలొచ్చాయి, వాళ్ళ పిల్లలు కాలేజీకొచ్చారు. మా వంటింటి బల్ల మీద మాత్రం వాళ్ళందరికీ ఇరవయ్యేళ్ళే.

ఒకసారి విసుగొచ్చి అడిగేశాను. ఇంతకీ గెలిచారా, ఓడారా? అని. చెంచా చేతిలోనే పట్టుకుని నా వంక చూశాడు. "తెలీదు ఆర్డీ. చివరికొచ్చేసరికి మసకైపోతుంది," అన్నాడు.

దయ్యాలంటే తెల్లదుప్పటి కప్పుకుని వస్తాయనుకుంటారు. మా ఇంట్లోది ఉప్పు డబ్బీలో ఉండేది.

అదిగో, అప్పుడు మొదలుపెట్టాడు ఆట బాగుచేస్తానని తిరగడం. ఎక్కడ మీటింగైతే అక్కడికి. చెప్పేది ఒకటే మాట. దేశాన్ని ప్రాంతాలుగా విడదియ్యండి. పక్కపక్క కాలేజీలన్నీ ఒక కూటమి. కూటమిలో గెలిచినవాడికి ప్లేఆఫ్‌లో చోటు. ఓట్లొద్దు, కంప్యూటర్ లెక్కలొద్దు. గెలిచావా, లోపలికి రా. ఓడావా, ఇంటికి పో. ఆ ఆటలు కూడా ఎక్కడో అద్దె స్టేడియాల్లో కాదు, పిల్లలు చదువుకునే ఊళ్ళలోనే పెట్టండి.

గాడిదల పెద్ద వచ్చాడని నవ్వేవాళ్ళు. ఒక పెద్ద కాలేజీ ఆసామి భుజం మీద చెయ్యేసి మరీ చెప్పాడట, "వర్జిల్, నువ్వు న్యాయం అడుగుతున్నావు, మేం ఆట అమ్ముకుంటున్నాం. రెండూ ఒక కొట్లో దొరకవు," అని.

అయినా ప్లేఆఫ్ వచ్చింది. ముందు నలుగురికి, తర్వాత పన్నెండు మందికి. ఆయన అడిగినదాంట్లో సగం ఇచ్చారన్నమాట. తలుపు పెట్టారు. ఆ తలుపు కాడికి ఏ కూటమి నుంచైతే దగ్గర దారో అని అందరూ లెక్కలేసుకోవడం మొదలెట్టారు. ఉన్నవాళ్ళు ఉన్నవాళ్ళతో కలిశారు. మా పదిమందిలో ముందు ఇద్దరు పోయారు. తర్వాత ఒక్కొక్కళ్ళూ. చివరికి ఒక ఆగస్టు శుక్రవారం సిల్వర్ బెండ్ పోయింది.

ఆ వార్త మాకు ఆంటోన్ ఫోన్ చేసి చెప్పాడు. ఆంటోన్ ఎచెవెరియా, సిల్వర్ బెండ్‌కి కోచ్‌గా చేశాడు. మా ఆయన కాలంవాడే. అటు చూడు, కింది వరసలో నల్ల గుడ్డ టోపీ పెట్టుకున్నాడే, ఒక్కడూ కూర్చున్నాడే, అతనే. అది స్పెయిన్ కొండల బాస్క్ జాతివాళ్ళ టోపీ. వాళ్ళ తాత గొర్రెలు కాచుకుంటూ ఈ దేశమొచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు మా ఆయనా అతనూ ఒకళ్ళ గొంతు ఒకళ్ళు పిసుక్కున్నారు, ఏడాదికో శనివారం. మిగతా రోజుల్లో కలిసి చేపలు పట్టేవాళ్ళు.

ఫోన్లో ఏడ్చాడు ఆంటోన్. "మావాళ్ళు వెళ్ళిపోతున్నారు వర్జిల్. నాకూ టీవీలో చూస్తేనే తెలిసింది," అని.

మా ఆయన ఫోన్ పెట్టేసి వెనక మెట్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా కొండంతా కోసేసిన గోధుమ కొయ్యకాళ్ళు. దాని వంక చూస్తూ అన్నాడు, "ప్లేఆఫ్ కావాలని అడిగింది నేనే ఆర్డీ."

పిచ్చా నీకు, అన్నాను. గాడిదల కోచ్ అడిగాడని దేశం మారిందా? వాళ్ళ అవసరం కొద్దీ వాళ్ళు చేసుకున్నారు. ఎన్ని చెప్పానో. కానీ తన నోటిమాటే తనని పట్టుకుంటే, ఆ మనిషిని విడిపించే మంత్రగాడెవడు?

కాఫీ తాగుతావా? ఫ్లాస్కులో ఉంది. పాలు లేవు, అలాగే తాగాలి.

ఆ నవంబరు వచ్చింది. మూడో శనివారం. సిల్వర్ బెండ్ జట్టు ఆ రోజు ఫ్లోరిడాలో ఆడుతోంది. మావాళ్ళకసలు ఆటే లేదు. ఒంటిగంటకి సూపు పెడదామని పిలిస్తే ఇంట్లో మనిషి లేడు, బయట పికప్పు బండీ లేదు.

ఇక్కడ దొరికాడు. పాత కోచ్ జాకెట్ వేసుకుని, ఈ వరసలోనే. మతిపోయిందనుకున్నాను. పక్కన కూర్చుని చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను, ఇవాళ ఆట లేదు వర్జిల్ అని.

"తెలుసు," అన్నాడు.

"మరెందుకొచ్చావు?"

"శనివారం కదా."

అప్పుడు చూశాను, అవతలి వైపు ఇంకొక మనిషి. ఆంటోన్. చెప్పుకుని వచ్చారనుకున్నావా? లేదు. తర్వాత విడివిడిగా అడిగాను. లేదు.

ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు. ఆట పట్టేంతసేపూ కూర్చున్నారు. ఊరికే కూర్చోలేదు. మా ఆయన మోకాళ్ళ మీద వేళ్ళు బిగిసేవి, వదిలేవి. పెదాలు కదిలేవి. నేనిక్కడ చలికి వణుకుతూ ఆయన్ని చూస్తున్నాను, మైదానాన్ని కాదు. చివరికి ఇద్దరూ లేచి మెట్లు దిగి మధ్యలోకి నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను, జారి పడతాడని.

చేతులు కలుపుకున్నారు. ఆంటోన్ అన్నాడు, "ఆఖర్న ఆ తన్ను బాగా తన్నించావు." మా ఆయన అన్నాడు, "గాలి కలిసొచ్చింది."

వాళ్ళిద్దరి మొహాల్లోకి మార్చి మార్చి చూశాను బాబూ.

ఇంటికి పోతూ దారిలో అడిగాను. ఎవరు గెలిచారు? "మనమే. మూడు పాయింట్లు." మర్నాడు ఆంటోన్‌కి ఫోన్ చేశాను, జలుబు చేసిందేమో కనుక్కుందామన్నట్టు. మాటల్లో మాటగా నిన్న ఎవరు నెగ్గారయ్యా అన్నాను. "మీరేగా, మూడు పాయింట్లతో," అన్నాడు. గొంతులో నవ్వు లేదు.

రెండో ఏటికి ఎవరు చెప్పారో ఏమో, జనం వచ్చారు. ఇంతమంది కాదు, ఇందులో సగం. వాళ్ళూ అంతే. వచ్చారు, కూర్చున్నారు, తలలు తిప్పారు. ఓసారి మూలిగారు. ఓసారి అటువైపు వాళ్ళంతా లేచి నిలబడ్డారు. అయిపోయాక ఎవరింటికి వాళ్ళు పోయారు. ఆ సాయంత్రం మా ఊరి హోటల్లో ఎవర్నడిగినా ఒకటే చెప్పారు, కొంగలు గెలిచాయని. పందెం ఓడినవాడెవడో బీరు కూడా కొనిచ్చాడట.

ఆ ఏడు ఆంటోన్ తన మనవరాల్ని తీసుకొచ్చాడు. మైటె. ఆరడుగుల పిల్ల, పెద్ద నోరు. సిల్వర్ బెండ్ వాలీబాల్ జట్టులో ఆడేది. మా ఆయన దగ్గరికొచ్చి, "మీ గాడిదలకి పరిగెత్తడం ఎప్పుడు నేర్పుతారు తాతా?" అంది. ఆయన చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాడు.

ఆ పిల్ల సంగతి నీకు తెలుసా? నువ్వప్పటికి ఉద్యోగంలో చేరలేదు కాబోలు.

కూటమి మారితే ఒక్క ఫుట్‌బాల్ జట్టే మారదు కదా. ఈతగాళ్ళు, పరుగువాళ్ళు, వాలీబాల్ ఆడపిల్లలు, అందరూ మారాలి. ఫుట్‌బాల్ వాళ్ళకి వారానికో ఆట, సొంత విమానం. ఈ పిల్లలు మంగళవారాలూ బుధవారాలూ, రెండేసి విమానాలు మారి, దేశం ఈ చివర్నించి ఆ చివరికి పోవాలి. థాంక్స్‌గివింగ్ ముందు న్యూజెర్సీలో ఆట. తిరిగొచ్చేటప్పుడు షికాగోలో మంచు పడి విమానం ఆగింది. బల్లల మీద పడుకున్నారట. తెల్లారగట్ట దిగారు. పొద్దున్నే కెమిస్ట్రీ పరీక్ష ఉందని ఆ పిల్ల కారు తీసింది.

ఏటి గట్టు రోడ్డు. నువ్వూ దాని మీదే వచ్చి ఉంటావు.

నిద్రపోయిందన్నారు. రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తయినా లేదు.

మీ కూటమి ఆఫీసు నుంచి పూలొచ్చాయి. పెద్ద గుత్తి. కార్డు మీద ఆ పిల్ల పేరు తప్పు రాశారు. ఎవరో గుమస్తా పొరపాటు, ఒప్పుకుంటాను. నేను చూసి, ఆంటోన్ కంటబడకుండా ఆ కార్డు తీసేశాను.

చర్చిలో మా ఆయన ఆంటోన్ పక్కన నిలబడ్డాడు. ఇంటికొచ్చాక కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఎంతసేపూ ఫుట్‌బాల్ గురించే ఆలోచించాను ఆర్డీ. మిగతా పిల్లలు కూడా ఎగరాలని నాకెప్పుడైనా తట్టిందా? అన్ని మీటింగుల్లో ఒక్కసారైనా అన్నానా?" అని అడిగాడు. అనలేదు మరి.

ఆ రోజు తర్వాత ఉప్పు డబ్బీ ఉన్నచోటు నుంచి కదల్లేదు. ఆ ఆట ఆగిపోయింది. అది ఆగితే బాగుండునని ఎన్నేళ్ళు మొక్కుకున్నానో. ఆగాక తెలిసింది, ఆయన్ని నిలబెట్టింది అదేనని. వసంతంలో, ఊరంతా విత్తనాలు వేస్తున్న రోజుల్లో, పడుకున్న మనిషి లేవలేదు.

ఏడవడం లేదులే. ఈ గాలికి కళ్ళు నీళ్ళు కారతాయి. నీకూ కారుతున్నాయి చూసుకో.

ఇప్పుడు మీరొచ్చారు. మీకు పడమట ఇంకో జట్టు కావాలి. తూర్పున జనం మంచాలెక్కే వేళకి టీవీలో ఒక ఆట ఉండాలి, దానికి మేం కావాలి. అవునా, కాదా? తలూపావు. మంచిది, అబద్ధమాడలేదు.

పైగా ఆశ పెట్టారు, మీ పాత పోటీ మీకు తిరిగొస్తుందని. సిల్వర్ బెండూ మీ కూటమే, మేమూ మీ కూటమే అయితే ఇక ఆడుకోవచ్చు కదా అని. మా ఆట మాకే అమ్ముతున్నారు. అదైనా ఎక్కడ? నెవాడాలో, పైకప్పున్న స్టేడియంలో, సెప్టెంబరులో ఓ గురువారం.

వద్దనొచ్చు. వద్దంటే ఏమవుతుందో కాలేజీ ప్రెసిడెంటు గారు మాకు చెప్పారు. పాత కూటమిలో మిగిలింది మేం ఒక్కళ్ళమే. చుట్టుపక్కల చిన్న చిన్న కాలేజీలని బతిమాలి ఆడుతున్నాం, వాళ్ళూ వచ్చే ఏటికి కుదరదంటున్నారు. ఇంకో రెండేళ్ళకి జట్టు మూసెయ్యాలి. దాంతోపాటు బ్యాండు, రెజ్లింగు, అమ్మాయిల సాఫ్ట్‌బాలు.

పోయిన వారం వంతెన దాటి ఆంటోన్ దగ్గరికి పోయాను. ఏం చెయ్యమంటావయ్యా అని. సూపు పెట్టాడు. ఇద్దరం తిన్నాం. తర్వాత, "ఒప్పుకో," అన్నాడు.

నేను నమ్మలేదు. మైటె సంగతి చూశాక కూడానా, అన్నాను.

"అందుకే," అన్నాడు. "మావాళ్ళు ఎలాగూ వెనక్కి రారు ఆర్డిత్. మీరు చేరితే ఆడపిల్లలకి ఏటా రెండు ఆటలు మీతో పడతాయి. ఒకటి మా ఊళ్ళో, ఒకటి మీ ఊళ్ళో. ఆ రెండు రాత్రులూ పిల్లలు ఎవరి మంచం మీద వాళ్ళు పడుకుంటారు. దేశం మొత్తం వెతికినా అంతకంటే నాకేం దొరకలేదు. నీకు దొరికితే చెప్పు."

"మరి మా పిల్లలు? ఇన్నాళ్ళూ బస్సుల్లో తిరిగినవాళ్ళు. రేపట్నించి వాళ్ళూ ఎగరాలి కదా," అన్నాను.

ఆంటోన్ రొట్టె పళ్ళెం నా ముందుకి జరిపాడు. ఆ ఇంట్లో గోడ మీద ఆ పిల్ల ఫొటో, గాల్లోకి లేచి బంతిని కొడుతూ. దాని వంక చూడకుండా ఉండటానికి నేను రొట్టె తిన్నాను.

అందుకని విను. మా పిల్లలు విమానం దిగాక ఒక్కళ్ళు కూడా కారు తాళం ముట్టుకోకూడదు. ఎంత రాత్రయినా బస్సు ఉండాలి, మర్నాడు పరీక్ష పెట్టకూడదు. అది మా కాలేజీ చేతిలో ఉన్న పని, నేను చేయిస్తాను, చెయ్యకపోతే మెడ పట్టుకుని చేయిస్తాను. మీ చేతిలో ఉన్నది ఒక్కటే అడుగుతున్నా. మా ఆట ఇక్కడ పెట్టండి. ఏటా ఈ నవంబరు శనివారమే పెట్టండి.

టీవీ వాళ్ళని అడగాలా?

అనుకున్నాను. నిన్నని ఏం లాభం. నువ్వు పంపితే వచ్చినవాడివి.

ఇదిగో, గ్రేడన్. ఎందుకు లేచావు?

కూర్చో. లేదు, ఉండు, అందరూ లేచారు. కానీ నువ్వెందుకు లేచావు? జనం లేచారని నువ్వు లేవలేదు. నేను చూస్తూనే ఉన్నాను. వాళ్ళకంటే ముందు లేచావు. కాఫీ ఒలికిపోయింది, అదీ చూసుకోలేదు.

ఏం చూశావు?

పోనీలే, చెప్పకు. ముఖం అలా పాలిపోయిందేంటి. చెప్పకు. నాకెప్పుడూ కనపడలేదు. మా ఆయన పక్కన కూర్చున్నప్పుడు కూడా కనపడలేదు. ఇవాళ కనపడుతుందేమోనని వచ్చాను, ఆయన ఎక్కడైనా ఆ గీత పక్కన నిలబడి కేకలేస్తూ కనపడతాడేమోనని. షార్లట్ నుంచి వచ్చిన నీకు కనపడింది. నాకు గడ్డి కనపడింది.

అయిపోయింది కాబోలు. లేచి పోతున్నారు. ఎవరు గెలిచారో హోటల్లో కనుక్కుంటాలే. ఆంటోన్ మెట్లు దిగుతున్నాడు, మధ్యలోకి వస్తాడు. ఇటునించి వెళ్ళి చెయ్యి కలిపేవాళ్ళు లేరు. నేను వెళ్ళాలి. ఆ చెయ్యి ఇవ్వు, మోకాలు పట్టేసింది.

ఓటా? వేస్తాను. చేరదామనే వేస్తాను. వెళ్ళి మీవాళ్ళకి చెప్పుకో, ముసలిది ఒప్పుకుందని. ఆ రెండు రాత్రుల కోసం వేస్తున్నాను, మీ ప్లేఆఫ్ కోసం కాదు. అది చెప్పక్కర్లేదు, వాళ్ళకి అర్థం కాదు.

అసలు ఆట నెవాడాలో మొదలయ్యాక వచ్చే నవంబరులో ఇక్కడికి ఎవరొస్తారు? సెప్టెంబరులోనే టీవీ ముందు కూర్చుని చూసేస్తారు, నేనూ చూస్తానేమో. వర్జిల్ ఒక్కడే వస్తాడు. వచ్చి, అందరూ ఏమైపోయారా అని చూస్తాడు.

చూడనీ. నేనేం చేసేది.